రెండు రౌండ్లు ముందున్నవాడు కనబడలేదట!

లెక్క తప్పిందట. అంతేనట.

1963 డిసెంబరు 1న ఫ్లోరిడా రాష్ట్రం జాక్సన్‌విల్‌లోని స్పీడ్‌వే పార్కులో జరిగిన నూరు మైళ్ల స్టాక్ కార్ రేసు గురించి ఎవరడిగినా వచ్చే జవాబు ఇదే. వెండెల్ స్కాట్ అనే నల్లజాతి డ్రైవర్ గెలిచాడు. గెలిచిన సంగతి మాకు తెలియలేదు. రెండో స్థానంలో వచ్చిన బక్ బేకర్ అనే తెల్లాయనే గెలిచాడనుకుని కప్పు ఇచ్చేశాం. జనం ఇళ్లకు పోయాక కార్డులు తిరగేస్తే తప్పు బయటపడింది, సరిదిద్దేశాం. ఇదీ కథ. చెప్పేవాళ్ల వాలకం చూస్తే కిరాణా కొట్టులో చిల్లర లెక్క రూపాయి తేడా వచ్చిందేమో అనిపిస్తుంది.

నేను ఈ కథ నమ్మను. మీరూ నమ్మొద్దు. నమ్మకూడదని ఆ ట్రాక్ కొలతలే చెబుతున్నాయి.

అది అర మైలు మట్టి ట్రాక్. రెండు వందల సార్లు చుట్టి వస్తే నూరు మైళ్లు. ఒక చుట్టు తిరగడానికి కారుకు పట్టేది సుమారు అర నిమిషం. రెండున్నర మైళ్ల పెద్ద ట్రాకుల్లోలాగా కారు కాసేపు కంటికి కనబడకుండా పోయే అవకాశం ఇక్కడ లేదు. ఏ మూల కూర్చున్నా ఈ చివర నుంచి ఆ చివర దాకా కనిపిస్తుంది. అలాంటి చోట స్కాట్ గెలిచింది వెంట్రుకవాసిలో కాదు. రెండు నిండు రౌండ్ల తేడాతో. అంటే మైలు దూరం. అంటే రెండో స్థానంలో ఉన్న మనిషిని అందరి కళ్లెదుటా రెండుసార్లు దాటేసి పోయాడు. వేలమంది జనం చూస్తుండగా, జెండా పట్టుకుని గీత పక్కనే నిలబడ్డ మనిషి ముక్కు ముందు నుంచి.

ఇంకా పాతిక రౌండ్లు ఉన్నాయనగా ముందున్నది రిచర్డ్ పెట్టీ. తరవాతి కాలంలో రెండు వందల రేసులు, ఏడు ఛాంపియన్‌షిప్‌లు గెలిచి ఈ ఆటకే రారాజు అనిపించుకున్న పెట్టీ. ఆ రోజు ఆయన కారు మొరాయించింది. స్కాట్ తన 34వ నంబరు షెవర్లేలో ఆయన్ని దాటి ముందుకొచ్చాడు. రెండు వందల రౌండ్లు పూర్తి చేశాడు. గళ్ల జెండా ఊగలేదు. సరే, తనే లెక్క తప్పానేమో అనుకోవలసిన పరిస్థితి. 201 తిరిగాడు. ఊగలేదు. 202 తిరిగాడు. చివరికి జెండా ఊగింది, బేకర్ కోసం. కప్పు బేకర్‌కు, ఫోటోలు బేకర్‌కు, చప్పట్లు బేకర్‌కు. పెట్టీ నంబరు 43 కాబట్టి 34తో తికమకపడ్డారని ఎవరైనా తెలివి ప్రదర్శిస్తారేమో. జెండా ఊపింది పెట్టీకి కాదు నాయనా, బేకర్‌కి. 34ని తిరగేసినా బోర్లేసినా బేకర్ నంబరు రాదు.

స్కాట్ ఊరుకోలేదు. నేనే గెలిచాను, కార్డులు చూడండన్నాడు. ఆ రోజుల్లో కంప్యూటర్లు లేవు. ఒక్కో కారుకూ ఒక్కో మనిషి కూర్చునేవాడు. తన కారు గీత దాటిన ప్రతిసారీ గడియారం చూసి కార్డు మీద వేళ రాసుకునేవాడు. అవన్నీ ముందేసుకుని గంటల తరబడి తిరగేశాక తేలింది, స్కాటే గెలిచాడని. మొదటి బహుమతి వెయ్యి డాలర్లు ఆయనవే అన్నారు. అప్పటికి స్టాండ్లు ఖాళీ. కప్పు బేకర్‌తో పాటు వెళ్లిపోయింది. ఆ అసలు కప్పు స్కాట్ కుటుంబం చేతికి ఇప్పటికీ రాలేదు.

ఇక్కడ ప్రత్యర్థి వాదన కూడా విందాం. చేత్తో రాసే లెక్కల్లో తప్పులు సహజం అంటారు. నిజమే, దొర్లేవి. 1959 ఫిబ్రవరి 22న జరిగిన మొట్టమొదటి డేటోనా 500 రేసులోనే దొర్లింది. చివరి గీత దగ్గర జానీ బోషాంప్, లీ పెట్టీ పక్కపక్కనే దూసుకొచ్చారు. ఒక రౌండు వెనకబడిన జో వెదర్లీ కారు కూడా వాళ్లతో సమానంగా అదే క్షణాన గీత దాటింది. ఈ రేసులన్నీ నడిపే నాస్కార్ సంస్థ స్థాపకుడు బిల్ ఫ్రాన్స్ ముందు బోషాంప్ గెలిచాడన్నాడు. తరవాత ఫోటోలు, న్యూస్ రీళ్లు తెప్పించుకుని మూడు రోజులు చూసి, కాదు, లీ పెట్టీ గెలిచాడన్నాడు. అదే ఏడాది జూన్‌లో అట్లాంటాలోని లేక్‌వుడ్‌లో రిచర్డ్ పెట్టీ గెలిచాడని ప్రకటిస్తే, సొంత తండ్రి లీ పెట్టీయే అభ్యంతరం పెట్టి లెక్క తిరగేయించి గెలుపు తన పేర రాయించుకున్నాడు. కొడుకు మొదటి గెలుపును తండ్రే పట్టుకుపోయిన ఆ ఉదంతం చెప్పుకుని నాస్కార్ అభిమానులు ఇప్పటికీ నవ్వుకుంటారు.

ఈ ఉదాహరణలు తెచ్చి స్కాట్ కథ పక్కన పెట్టి, చూశారా, అందరికీ జరిగేదే అంటారు. పెట్టండి పక్కన. నేనూ అదే అడుగుతున్నాను. డేటోనాలో తేడా అడుగుల్లో ఉంది, జాక్సన్‌విల్‌లో మైల్లో ఉంది. డేటోనాలో మూడు కార్లు ఒకేసారి గీత దాటాయి, జాక్సన్‌విల్‌లో ఒక్కడే ముందున్నాడు. డేటోనాలో నిజం కోసం దేశమంతా ఫోటోలు వెతికారు, వివాదం పత్రికల్లోకెక్కి కొత్త ట్రాక్‌కు కావలసినంత ప్రచారం తెచ్చింది. జాక్సన్‌విల్‌లో ఖాళీ స్టాండ్ల మధ్య ఫలితం మార్చారు. తప్పు జరగడం ఒక ఎత్తు. దిద్దిన తీరు ఇంకో ఎత్తు. దిద్దిన తీరే అసలు సంగతి బయటపెడుతోంది.

మరి కారణమేమిటి? స్కాట్ చచ్చేదాకా ఒక్కటే చెప్పాడు. గెలిచిన డ్రైవర్‌కు కప్పు అందించే వేళ ఒక అందగత్తె వచ్చి ముద్దు పెట్టడం ఆ రేసుల్లో ఆనవాయితీ. ఆమె తెల్లమ్మాయి. గెలిచినవాడు నల్లవాడు. ఆ దృశ్యం జనం ముందు జరగకూడదు, పత్రికల్లో ఆ ఫోటో పడకూడదు. అదీ సంగతి.

ఇది అతిగా అనుమానించడం అనుకునేవాళ్లు ఆ కాలాన్నీ ఆ ఊరినీ చూడాలి. ఇదే జాక్సన్‌విల్‌లో 1960 ఆగస్టు 27న, దుకాణాల్లోని భోజనం కౌంటర్ల దగ్గర కూర్చుని మాకూ వడ్డించండని అడిగినందుకు నల్లజాతి కుర్రాళ్లను తెల్ల మూక గొడ్డలి కామలతో, బేస్‌బాల్ బ్యాట్లతో వెంటాడి కొట్టింది. గొడ్డలి కామల శనివారం అని ఆ రోజుకు పేరే పడింది. అంతకు ఐదేళ్ల ముందు మిసిసిపీలో ఎమెట్ టిల్ అనే పద్నాలుగేళ్ల పిల్లాడు ఒక తెల్లామెతో చనువుగా మాట్లాడాడన్న మాట మీద చంపి నదిలో పడేశారు. 1963 జూన్‌లో అలబామా గవర్నర్ జార్జి వాలెస్ ఇద్దరు నల్లజాతి విద్యార్థులు యూనివర్సిటీలో అడుగుపెట్టకుండా గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. సెప్టెంబరులో బర్మింగ్‌హామ్ చర్చిలో బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చచ్చిపోయారు. నవంబరు 22న కెనెడీని కాల్చేశారు. ఆ తరవాత తొమ్మిది రోజులకు ఈ రేసు.

గొడవలవుతాయని, స్కాట్ ప్రాణానికే ముప్పని భయపడి అలా చేసి ఉంటారులే అని దయగా మాట్లాడేవాళ్లూ ఉన్నారు. ఈ దయ ఉంది చూశారూ, దీనికంటే ఆ తెల్లమూక నయం. మూకకు భయపడితే మూకను అదుపు చెయ్యాలి, పోలీసుల్ని పెట్టాలి, ముద్దు మానేసి కప్పు చేతికివ్వాలి. మూక జోలికి పోకుండా గెలిచినవాడి కప్పు లాక్కోవడం ఏ రకం రక్షణ? ఎవరి దగ్గర లాక్కుంటే ఎవరూ అడగరో లెక్క చూసుకుని మరీ చేసిన పని అది. ఆ లెక్క మాత్రం ఒక్క రౌండు కూడా తప్పలేదు.

ఇంతకీ ఎవరీ స్కాట్? వర్జీనియా రాష్ట్రం డాన్‌విల్‌లో 1921 ఆగస్టు 29న పుట్టాడు. పొగాకు, బట్టల మిల్లుల ఊరు. రెండో ప్రపంచయుద్ధంలో యూరప్‌లో సైన్యం బళ్లు బాగుచేశాడు. తిరిగొచ్చి టాక్సీ నడిపాడు, మెకానిక్ షెడ్డు పెట్టాడు, రాత్రిళ్లు దొంగసారా మోశాడు. 1949లో ఒకసారి పట్టుబడితే ప్రొబేషన్‌తో వదిలేశారు.

దొంగసారా అనగానే మొహం చిట్లించకండి. ఈ ఆట పుట్టిందే ఆ సారా కార్లలో. పోలీసుల్ని తప్పించుకోవడానికి పైకి మామూలుగా కనిపించే కారుకు లోపల ఇంజిన్ సానబట్టి, బరువుకు వెనక భాగం కుంగకుండా గట్టి స్ప్రింగులు వేసి, చీకట్లో కొండదారుల్లో పరిగెత్తించినవాళ్లే పగలు పందేలు కాసుకున్నారు. 1949లో షార్లెట్‌లో నాస్కార్ పెట్టిన మొట్టమొదటి పెద్ద రేసులో ముందుగా గీత దాటిన గ్లెన్ డన్నవేను అనర్హుణ్ణి చేసింది కూడా ఆ సారా కారు స్ప్రింగుల మూలంగానే. సారా కేసులో జైలుకెళ్లొచ్చిన జూనియర్ జాన్సన్ ఈ ఆటకు మహావీరుడు. 1986లో అధ్యక్షుడు రీగన్ ఆయనకు క్షమాభిక్ష కూడా ఇచ్చాడు. నాస్కార్ హాల్ ఆఫ్ ఫేమ్ మొదలైన 2010లోనే మొదటి ఐదుగురిలో ఆయన పేరుంది. నాకు జాన్సన్ మీద కోపం లేదు, అద్భుతమైన డ్రైవర్. కానీ ఒకే సారా, ఒకే పోలీసులు, ఒకే కొండదారులు. తెల్లవాడు తోలితే జానపద కథ అయింది. నల్లవాడి విషయంలో పోలీసు చిట్టాగానే మిగిలింది.

ఆ చిట్టాలోంచే స్కాట్ రేసుల్లోకి వచ్చాడు. 1952లో డాన్‌విల్‌లో రేసులు నడిపేవాళ్లకు జనం కావలసి వచ్చారు. ఒక నల్లవాణ్ణి బరిలోకి దింపితే వింతగా చూడ్డానికి వస్తారని పథకం వేసి, ఊళ్లో కారు బాగా తోలే నల్లవాడెవడని పోలీసుల్ని అడిగారు. తాము ఎన్నిసార్లు తరిమినా చిక్కని మనిషి పేరు పోలీసులు చెప్పారు. అంటే టికెట్లు అమ్ముడుపోవాలంటే ఆయన నలుపు కావాలి. కప్పు ఇవ్వాల్సి వచ్చినప్పుడు అదే నలుపు అడ్డం.

నార్త్ కరోలినాలోని విన్‌స్టన్-సేలంలో నాస్కార్ రేసుకు కారు వేసుకుని వెళితే నల్లవాళ్లకు ప్రవేశం లేదని వెనక్కి పంపేశారు. చివరికి రిచ్‌మండ్‌లో మైక్ పోస్టన్ అనే స్థానిక అధికారి ఒకాయన లైసెన్సు ఇచ్చాడు. పై వాళ్లు ఇవ్వలేదు, కింద ఒక మనిషి ధైర్యం చేశాడు. 1959లో వర్జీనియా స్పోర్ట్స్‌మన్ ఛాంపియన్ అయ్యాడు. 1961 మార్చిలో సౌత్ కరోలినాలోని స్పార్టన్‌బర్గ్‌లో పెద్ద సిరీస్‌లోకి అడుగుపెట్టాడు.

పెద్ద సిరీస్ అంటే డబ్బున్నవాళ్ల ఆట. ఫోర్డ్, క్రైస్లర్ లాంటి కంపెనీలు తమ డ్రైవర్లకు కొత్త ఇంజిన్లు, కొత్త టైర్లు, జీతమిచ్చి పెట్టుకున్న మెకానిక్కులు సమకూర్చేవి. స్కాట్‌కు ఏమున్నాయి? జాక్సన్‌విల్‌లో గెలిచిన ఆ షెవర్లే నెడ్ జారెట్ దగ్గర కొన్న పాత బండి. ఇంజిన్ విప్పేది ఆయనే, బిగించేది ఆయనే. పిట్‌లో టైర్లు మార్చేది కన్నకొడుకులు. ఆ టైర్లయినా సొంతంగా కొన్నవి కావు. కంపెనీ జట్లు కొన్ని రౌండ్లు తిప్పి పక్కన పడేసినవి. సగం అరిగిన రబ్బరు మీద మూలమలుపులో కారు ఎంత జారుతుందో, ఎంత ముందుగా కాలు వెనక్కి తియ్యాలో తెలిసినవాడికే అలాంటి టైర్లు పనికొస్తాయి. కొత్త టైరు మీద ఉన్నవాడు గట్టిగా తొక్కి మలుపు తిరిగే చోట, ఈయన లెక్కకట్టుకుని తిరగాలి. కారు గుద్దుకుంటే బాగుచేసుకోవడానికి వెనక కంపెనీ లేదు, ఇల్లు గడవాల్సిన డబ్బే ఉంది. కాబట్టి గుద్దుకోకూడదు. కొందరు తెల్ల డ్రైవర్లు కావాలనే వచ్చి గుద్దేవాళ్లు, అప్పుడూ తిరగబడి గుద్దకూడదు. ఇన్ని కూడదుల మధ్య నడిపిన రేసులు 495.

డిసెంబరు 1న పోయింది కప్పు ఒక్కటే అయితే నేనింత కోపంగా రాసేవాణ్ణి కాదు. కప్పు ఇత్తడి. డబ్బు వెయ్యి డాలర్లు, అవి వచ్చాయి. పోయింది వేరు. ఐదారువేలమంది ముందు, విలేకరుల ముందు, కెమెరాల ముందు, పెట్టీని దాటి గెలిచిన మనిషిగా నిలబడ్డ ఆ పది నిమిషాలు. స్టాక్ కార్ రేసుల్లో స్పాన్సర్లు పుట్టేది ఆ పది నిమిషాల్లోనే. మర్నాడు పేపర్లో పడిన ఫోటో పట్టుకునే డ్రైవర్ కంపెనీ గుమ్మం ఎక్కుతాడు. స్కాట్ ఎక్కడానికి ఫోటో లేదు. అప్పటికీ ఆ తరవాతా ఏ కంపెనీ ఆయన్ను మనస్ఫూర్తిగా నిలబెట్టలేదు. నెల తరవాత సవానాలో చేతికొక నాసిరకం చెక్క కప్పు ఇచ్చి చేతులు దులుపుకున్నారు.

అయినా 1966లో, ఆ పాత టైర్లతోనే, ఏడాది మొత్తం పాయింట్లలో ఆరో స్థానంలో నిలిచాడు.

ఇప్పుడు సంస్థ పెద్దల సంగతి. బిల్ ఫ్రాన్స్ స్కాట్‌కు, నిన్నూ మిగతా సభ్యుల్లాగే చూస్తామని మాటిచ్చాడంటారు. ఆ ఫ్రాన్సే అలబామాలో వాలెస్ అండతో టాలడేగాలో మహా పెద్ద ట్రాక్ కట్టించి 1969లో తెరిచాడు. ఆ ఫ్రాన్సే 1972లో అధ్యక్ష పదవికి పోటీచేసిన వాలెస్ కోసం ఫ్లోరిడాలో ప్రచారం నడిపించాడు. గుమ్మానికి అడ్డం నిలబడిన ఆ వాలెసే. తన సంస్థలో ఒక నల్లజాతి డ్రైవర్ పదేళ్లుగా కష్టపడుతుండగా, ఆ మనిషి జాతిని వేరుగానే ఉంచుతానని ప్రమాణం చేసి గద్దెనెక్కినవాడికి ఓట్లడిగిన పెద్దమనిషి, సమానంగా చూస్తానన్న మాటకు విలువెంతో మీరే కట్టండి.

1973 మేలో స్కాట్ అప్పు చేసి ఒక మెర్క్యురీ కారు కొన్నాడు. జీవితంలో మొదటిసారి కాస్త బలమైన బండి. అదే టాలడేగాలో, రేసు మొదలైన కాసేపటికే ఇరవైకి పైగా కార్లు ఒకదానిమీదొకటి పడిన ప్రమాదంలో అది నుజ్జయింది. పక్కటెముకలు, కటి ఎముక, కాళ్లు విరిగాయి. అప్పు మిగిలింది. ఆ ఏడాదే షార్లెట్‌లో ఇంకొక్క రేసు నడిపి ఆపేశాడు. 1990 డిసెంబరు 23న క్యాన్సర్‌తో పోయాడు.

ఆ తరవాత చూడండి సన్మానాల జాతర. చచ్చినవాడి కళ్లు చారెడని మనవాళ్లు ఊరికే అనలేదు. 2010లో జాక్సన్‌విల్‌లో నమూనా కప్పు ఒకటి కుటుంబానికిచ్చారు. 2013లో డాన్‌విల్‌లో స్మారక ఫలకం. 2015లో హాల్ ఆఫ్ ఫేమ్. బక్ బేకర్ ఆ హాల్‌లోకి రెండేళ్లు ముందే, 2013లోనే వెళ్లాడు. బేకర్ రెండుసార్లు ఛాంపియన్, అర్హుడే, కాదనను. కానీ జాక్సన్‌విల్‌లో అయినా, షార్లెట్‌లోని ఆ హాల్‌లో అయినా, స్కాట్ కన్నా ముందు బేకర్ లోపలికి వెళ్లడం ఈ సంస్థకు అలవాటయిపోయినట్టుంది. చివరికి 2021 ఆగస్టు 28న, స్కాట్ బతికుంటే నూరేళ్లు నిండే రోజుకు సరిగ్గా ముందు రోజు, డేటోనాలో నాస్కార్ స్వయంగా కుటుంబానికి ఒక కప్పు అందించింది. యాభై ఏడేళ్లు దాటాక. ఈసారి జనం ఉన్నారు, కెమెరాలు ఉన్నాయి, ప్రసంగాలు ఉన్నాయి. ఉండాల్సిన మనిషే లేడు.

ఆ కుటుంబం ఆ కప్పు అందుకుంది, అందుకోవడం సబబే. నా గొడవ ఇచ్చినవాళ్లతో. చెడగొట్టిన చేత్తోనే ఆ కథను పటం కట్టి, మా చరిత్ర ఎంత గొప్పదో చూడండి అని అమ్ముకోవడం నాకు గిట్టదు. గేట్ల దగ్గర, బానిసత్వం కోసం యుద్ధం చేసిన దక్షిణాది కాన్ఫెడరేట్ జెండాలు వద్దని చెప్పడానికి వీళ్లకు 2020 దాకా పట్టింది. స్కాట్ తరవాత పెద్ద సిరీస్‌లో సీజన్ మొత్తం నడిపిన నల్లజాతి డ్రైవర్ కోసం 2018 దాకా, బుబ్బా వాలెస్ దాకా ఆగాల్సి వచ్చింది. ఆయన గెలవడానికి 2021 అక్టోబరు పట్టింది. అదీ టాలడేగాలోనే, అదీ వాన పడి మధ్యలో ఆపేసిన రేసు. వెంటనే కొందరు, వాన గెలిపించిందిలే అన్నారు. ఒకడికి లెక్క తప్పింది, ఇంకొకడికి వాన పడింది. తెల్లవాళ్లు వానలో గెలిచిన రేసులు ఎన్ని లేవు! వాటికి పక్కన చుక్కలు పెట్టలేదే?

ఇక చివరగా, ఎక్కువగా వినబడే మాట ఒకటుంది. 495 రేసుల్లో ఒకే ఒక్క గెలుపు కదా, ఇంత గోలెందుకూ అని. ఆ లెక్కే తీద్దాం. మొదటి పదిమందిలో వచ్చినవి 147. నూటికి దాదాపు ముప్పై. పారేసిన టైర్లతో, పాత బళ్లతో, కన్నకొడుకుల చేతులతో. ఇంకొక మాట. కంపెనీ ఇంజిన్లున్న పెట్టీల మధ్య ఒక్కసారైనా రెండు రౌండ్ల ముందు నిలవడం అదృష్టం వల్ల జరగదు. అదృష్టం వల్ల జరిగితే అరగజం తేడా వస్తుంది, మైలు రాదు.

షార్లెట్‌లో మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఊరు చూపిస్తూ ఆ హాల్ ఆఫ్ ఫేమ్‌కూ తీసుకెళ్లాలనుకుంటే తీసుకెళ్లండి, మంచి మ్యూజియమే. స్కాట్ బొమ్మ ముందు మాత్రం ఫోటో దిగి ఊరుకోకండి. లెక్క తప్పిందని ఎవరైనా చెబితే ఎదురు అడగండి: రెండు రౌండ్ల లెక్క ఎలా తప్పుతుందయ్యా అని.

నాస్కార్‌కు నేను చెప్పేది ఇంకా సూటిగా ఉంది. ఫలకాలు చాలు. 2025 నుంచి ఏడేళ్ల టీవీ హక్కుల మీదే మీకు 770 కోట్ల డాలర్లు వస్తున్నాయి. అందులోంచి తీసి స్కాట్ పేరు మీద ఒక కారు నడపండి. మొదటి రేసు నుంచి చివరి రేసు దాకా, కొత్త ఇంజిన్, కొత్త టైర్లు, జీతమిచ్చి పెట్టుకున్న పిట్ సిబ్బంది. ఆ సీట్లో ఏటా ఒక కొత్త కుర్రాణ్ణో కుర్రదాన్నో కూర్చోబెట్టండి, ఇంట్లోవాళ్లను పెట్టి టైర్లు మార్పించుకోవాల్సిన అవసరం లేనివాళ్లలా నడపనివ్వండి. ఇల్లు తాకట్టు పెట్టనివ్వకండి. స్కాట్‌కు పదమూడేళ్లు మీరు ఇవ్వనిది ఇంతే. డబ్బు లేదని మాత్రం అనకండి.